కీళ్లవాతం ఉన్నవాళ్లకు క్యాన్సర్ ఇమ్యునోథెరపీ ఇవ్వొచ్చా?

చిత్తూరు మేనల్లుడు:
మా అత్తకు పన్నెండేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, దోసె గరిటె రెండు చేతులతో పట్టుకుంటుంది. ఇప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. క్యాన్సర్ డాక్టరు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు అంటున్నారు. కీళ్ల డాక్టరు వద్దంటున్నారు. తిరుపతికీ వేలూరుకీ తిరగడమే సరిపోతోంది. ఎవరి మాట వినాలి?

కపిలతీర్థం:
వద్దు. కీళ్లవాతం ఆటోఇమ్యూన్ జబ్బు, అంటేనే రోగాలతో పోరాడాల్సిన టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) సొంత ఒంటి మీద పడటం. వాటి బ్రేకు తీసే మందు వేయించుకుంటే కొరివితో తల గోక్కున్నట్టే.

ల్యాబ్ అక్క:
బ్రేకు ఒక్కటే కాదు తమ్ముడూ. తిరుమల కొండ దిగేటప్పుడు బ్రేకుతో పాటు గేరు కూడా వేస్తారు కదా, ఇదీ అంతే. పెంబ్రోలిజుమాబ్ ఆపేది టీ కణం మీదుండే పీడీ-1 అనే బ్రేకును. క్యాన్సర్ గడ్డ తన మీదున్న పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ చూపించి టీ కణాన్ని జోకొడుతుంటే, ఆ జోలపాట ఆపిస్తుంది. మిగతా టీ కణాలను అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలు వేరే ఉన్నాయి, 2025 నోబెల్ వాటి మీద పరిశోధనకే.

సీటీఎల్‌ఏ-4 అని టీ కణాలకు ఇంకో బ్రేకుంది, దాని సంగతి ఇంకా తమాషా. దాన్ని మూసేసే ఇపిలిముమాబ్ 2011లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు వచ్చింది. అదే అణువు ముక్కతో చేసిన, టీ కణాలను అణిచే అబటాసెప్ట్‌ను అమెరికాలో 2005 నుంచే కీళ్లవాతానికి ఇస్తున్నారు!

ఇమ్యునోథెరపీ మొదటి ట్రయల్స్‌లో ఆటోఇమ్యూన్ జబ్బులవాళ్లను చాలావరకు తీసుకోలేదు, భయం అక్కడిది. తర్వాత ఇచ్చినవాళ్లలో చాలామందికి పాత జబ్బు తిరగబెట్టింది నిజమే, కానీ ఎక్కువమందికి స్టెరాయిడ్లతో తగ్గింది. కండరాలు నీరసించే మయస్థీనియా జబ్బయితే నేనూ వెనకాడతాను, ఊపిరి తీసే కండరాలకే ముప్పు.

కపిలతీర్థం:
స్టెరాయిడ్లంటే టీ కణాలను అణిచేవే కదక్కా. ఒక చేత్తో లేపి ఇంకో చేత్తో నిద్రపుచ్చితే మందు ఇచ్చి లాభమేంటి?

ల్యాబ్ అక్క:
మంచి ప్రశ్న. అందుకే మొదలుపెట్టే ముందే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసోలోన్‌ను వీలైతే రోజుకు 10 మి.గ్రా. లోపుకు తెస్తారు. మధ్యలో వాపులొస్తే కొన్నాళ్లు ఇచ్చేది అంత చేటు చేసినట్టు కనబడలేదు. మేనల్లుడు బాబూ, అత్త ఇప్పుడెంత వేసుకుంటోంది? గడ్డ కణాల్లో పీడీ-ఎల్1 ఎంత శాతంలో కనబడింది? 50 శాతం దాటితే కీమో లేకుండా ఇదొక్కటే ఇచ్చే వీలుండొచ్చు.

కపిలతీర్థం:
10 లోపు అయితే ఆలోచించొచ్చు. ఇద్దరు డాక్టర్లూ ఒకసారి మాట్లాడుకున్నాకే.

చిత్తూరు మేనల్లుడు:
పీడీ-ఎల్1 70. ప్రెడ్నిసోలోన్ 15. కీళ్ల డాక్టరుకు ఆ రిపోర్టు ఇంతవరకు చూపించనే లేదక్కా, నా బ్యాగులోనే ఉంది.