సావిత్రి గారి ఆస్తి పోయింది డైరెక్షన్ వల్లేనా?

కృష్ణలంక కుర్రోడు:

మొన్న తెనాలిలో పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర మా బాబాయ్ ఒక మాటన్నాడు. "సావిత్రి యాక్టింగ్ చేసుకుంటూ ఉండుంటే మద్రాసు హబీబుల్లా రోడ్డు ఇల్లు ఆమెకే మిగిలేది, డైరెక్షన్ పిచ్చే ముంచేసింది" అని. పంక్తిలో ఉన్నవాళ్లంతా అవునవును అన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఆమె ఎక్కడి మనిషో కాదు, నది దాటితే చిర్రావూరు. పెరిగింది, డాన్సు నేర్చుకుంది బెజవాడలో. మన మనిషి గురించి మనమే ఇంత తేలిగ్గా తీర్పు చెప్పేస్తుంటే బాధగా ఉంది.

నా వాదన ఒక్కటే. డైరెక్షన్ వేరు, సినిమా తీయడం వేరు. "ఆమె సినిమా తీసింది" అంటాం కదా, ఆ ఒక్క మాటలో రెండు పనులూ కలిపేస్తాం. మా తాతయ్య బెజవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా పాతికేళ్లు చేశాడు. సినిమా రీళ్ల బాక్సు పట్టుకుని ఊరూరూ తిరిగి, ఆట ఆటకీ టికెట్లు లెక్కచూసి, డీసీఆర్ (ఆ రోజు వసూళ్ల లెక్క కాగితం) మీద సంతకం పెట్టించుకుని వచ్చే ఉద్యోగం. ఆయన చెప్పే లెక్క ఇలా ఉంటుంది: నిర్మాత మద్రాసులో సినిమా మొదలుపెట్టి గాంధీనగర్ వచ్చి ఏరియా హక్కులు అమ్ముకుంటాడు. ఇక్కడివాళ్లిచ్చే అడ్వాన్సుతో కొన్ని రీళ్లు లాగుతాడు. చాలకపోతే నెగటివ్ తాకట్టు పెట్టి ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెస్తాడు. ప్రోనోటు మీద సంతకం నిర్మాతది. సినిమా పోతే ఇల్లు పోయేది కూడా నిర్మాతకే. డైరెక్టర్ తన డబ్బు తను తీసుకుని ఇంటికి వెళ్తాడు, మహా అయితే తర్వాతి అవకాశం ఆలస్యమవుతుంది. అంతేగానీ డైరెక్షన్ చేసినందుకు ఎవరి ఇల్లూ వేలానికి రాదు. సావిత్రి గారిని దెబ్బకొట్టింది 1971లో వచ్చిన తమిళ సినిమా, ప్రాప్తం. మన మూగమనసులు కథే. దానికి డైరెక్టరూ ఆమే, నిర్మాతా ఆమే. నిర్మాతగా పెట్టిన సంతకం వల్ల పోయినదాన్ని డైరెక్షన్ ఖాతాలో ఎందుకు రాస్తున్నాం?

మొగల్రాజపురం:

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది గానీ లెక్క సగమే చెప్పావు. స్టార్ ఆస్తి అంటే బ్యాంకులో ఉన్న డబ్బు ఒక్కటే కాదు, వాళ్ల కాల్షీట్లు కూడా. ఏడాదికి ఏడెనిమిది సినిమాలు చేసే మనిషి డైరెక్షన్‌కి కూర్చుంటే ఒక్క సినిమాకే నెలలు పోతాయి. కథ, పాటలు, ఎడిటింగ్, రీరికార్డింగ్. ఆ నెలల్లో రావాల్సిన పారితోషికం రాదు, అది ఎవరి పుస్తకంలోనూ నష్టం కింద కనపడదు. పైగా "ఆవిడ బిజీగా ఉందట" అని బయటి నిర్మాతలు ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోతారు.

చిత్తూరు నాగయ్య గారిని చూడండి, రేపల్లెలో పుట్టిన మనిషి. 1946లో త్యాగయ్య తీశారు, నటన, డైరెక్షన్, నిర్మాణం అన్నీ ఆయనే, జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆ విజయమే ఆయన్ని నిలవనివ్వలేదని నేనంటాను. 1953లో నా ఇల్లు, ఆ తర్వాత ఏళ్లకేళ్లు లాగి 1964లో భక్త రామదాసు. మిగిలిందేమిటి? 1965లో పద్మశ్రీ ఇచ్చారు, 1973లో పోయేనాటికి చేతిలో ఏమీ లేదు. చిన్న చిన్న వేషాలు వేసుకుంటూ వెళ్లిపోయారు. ఆయన నటుడిగానే ఉండి ఉంటే? ఆ రోజుల్లో దక్షిణాదిలో అంత పారితోషికం తీసుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారు?

ఇంకో మాట. సొంత డబ్బు పెట్టకుండా నటికి డైరెక్షన్ ఎవరిచ్చేవాళ్లు ఆ రోజుల్లో? నిర్మాత సంతకం వేరు అంటున్నావు, ఆ సంతకం పెడితేనే ఆ కుర్చీ దొరికేది. అందుకే రెండూ ఒకటే అంటున్నాను.

బ్రాడీపేట ఆడిటర్:

ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి ఒక్క విషయం చెప్పి వెళ్తాను. ఇప్పటివాళ్లకు ఆనాటి టాక్సు తెలియదు. 1973-74లో పై శ్లాబు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. రెండు లక్షలు దాటిన ఆదాయంలో నూటికి రెండు రూపాయల పావలా మిగిలేది. ఇది కాక 1957 నుంచి సంపద పన్ను, అది 2015 దాకా ఉంది. అంటే స్టార్ అన్నవాళ్లకు చేతికొచ్చిన డబ్బు ఎంత ఘనంగా కనపడినా, వెనక టాక్సు బాకీ ఒకటి పెరుగుతూ ఉండేది. రాబడి ఉన్నంతకాలం అది అణిగి ఉంటుంది, రాబడి తగ్గిన రెండో ఏడు ఇంటి తలుపు తడుతుంది. సావిత్రి గారి చివరి రోజుల కథలో టాక్సు వాళ్ల ప్రస్తావన ఊరికే రాలేదు.

రెండోది బ్యాంకులు. సినిమాకి పరిశ్రమ హోదా ప్రకటించిందే 1998లో. అప్పటిదాకా సినిమా తీయడానికి అప్పంటే ఎక్కువగా ప్రైవేటు ఫైనాన్షియరే, వడ్డీ ఆయన చెప్పినంతే. పైగా కంపెనీ పెట్టి దాని పేరున అప్పు తెచ్చుకునేవాళ్లు తక్కువ, బ్యానర్ పేరు ఏదైనా సంతకం సొంత పేరునే. లిమిటెడ్ కంపెనీ అయితే కంపెనీ మునుగుతుంది, సొంత పేరైతే మనిషే మునుగుతాడు. నా దగ్గరికి వచ్చే చిన్న నిర్మాతలకు ఇవాళ్టికీ ఇదే చెప్తుంటాను, కొందరు వింటారు.

తెనాలి అమ్మాయి:

అందరూ పెద్ద పెద్ద లెక్కలు చెప్పారు గానీ ఒక్కరూ అడగని ప్రశ్న నేనడుగుతాను. మగవాళ్లు డైరెక్షన్ చేసి ఫ్లాపు ఇస్తే "పిచ్చి" అని ఎవరైనా అన్నారా? ఎన్టీఆర్ గారు 1961లోనే డైరెక్షన్ మొదలుపెట్టారు, 1977లో దాన వీర శూర కర్ణలో మూడు వేషాలు వేసి, తీసి, నిర్మించి చరిత్ర సృష్టించారు. అదే ఎన్టీఆర్ గారు 1991లో తీసిన బ్రహ్మర్షి విశ్వామిత్ర ఆడలేదు. ఎవరైనా ఆయన్ని డైరెక్షన్ ముంచింది అన్నారా? మా ఊరి పక్క బుర్రిపాలెం కృష్ణ గారు, 1974లో అల్లూరి సీతారామరాజు మధ్యలో ఉండగా డైరెక్టర్ వి. రామచంద్రరావు గారు పోతే మిగతాది తనే భుజానేసుకున్నారు, 1986లో సింహాసనం 70 ఎంఎంలో తీశారు. సాహసం అన్నాం. సావిత్రి చేస్తే పిచ్చి ఎలా అయింది?

తేడా డైరెక్షన్‌లో లేదు, ఇంట్లో ఉంది. ఎన్టీఆర్ గారికి తమ్ముడు త్రివిక్రమరావు గారు ఉన్నారు. కృష్ణ గారి నిర్మాణ సంస్థ పద్మాలయాకి హనుమంతరావు గారు, ఆదిశేషగిరిరావు గారు ఉన్నారు. అన్న కెమెరా ముందు ఉంటే తమ్ముళ్లు క్యాషు దగ్గర ఉన్నారు. భానుమతి గారు 1953లో చండీరాణి మూడు భాషల్లో డైరెక్ట్ చేశారంటే వెనక భరణి స్టూడియో ఉంది, భర్త రామకృష్ణారావు గారు ఉన్నారు. విజయనిర్మల గారు 44 సినిమాలు డైరెక్ట్ చేసి 2002లో గిన్నిస్‌కెక్కారు, ఒక్కటి కూడా ఆడకపోతే రెండోది తీయనిస్తారా ఎవరైనా? ఆడవాళ్లు డైరెక్షన్ చేస్తే మునుగుతారు అనే మాట ఆ 44 దగ్గరే ఆగిపోవాలి. సావిత్రి గారికీ నాగయ్య గారికీ లేనిది ఒక్కటే, "ఇవాళ్టికి చాలు, ఇక డబ్బు తీయొద్దు" అని చెయ్యి పట్టుకునే మనిషి.

కొత్తపేట:

పై పోస్టుకి ఒక సవరణ. మనిషి లేక కాదు, ఉన్నా వినే స్వభావం కాదేమో. నాగయ్య గారి దగ్గరికి వెళ్లి ఖాళీ చేతులతో వచ్చినవాడు లేడంటారు. సావిత్రి గారు ఒంటిమీద నగలు తీసి ప్రధాని నిధికి ఇచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఇచ్చే చెయ్యి ఉన్నవాళ్ల దగ్గర ఎంత వచ్చినా నిలవదు. డైరెక్షన్, నిర్మాణం రెండిటినీ వదిలేయండి, అసలు ఆస్తి దాచుకోవాలని వాళ్లు అనుకున్నారా?

కృష్ణలంక కుర్రోడు:

అందరివీ రెండుసార్లు చదివాను. కొత్తపేట అన్నా, దానం మాట నిజమే, కానీ దానం వల్ల ఆస్తి తగ్గుతుంది, అప్పు పుట్టదు. మనం మాట్లాడుతున్నది అప్పు గురించి. ఆడిటర్ గారూ, ఆ 97.75 సంగతి నాకు నిజంగా తెలియదు, చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇప్పటి స్టార్ల ఆస్తి ఇన్ని కోట్లట అని రాసుకుంటాం గానీ, అప్పటివాళ్లకు ఆ కోట్లు మిగిలే దారే లేదన్నమాట.

మొగల్రాజపురం అన్నయ్యకి జవాబు. కాల్షీట్ల లెక్క ఒప్పుకుంటున్నాను, నేను దాన్ని మర్చిపోయాను. కానీ ఒక్క ముక్క చూడండి: సావిత్రి గారు డైరెక్షన్ మొదలుపెట్టింది 1968లో, చిన్నారి పాపలుతో. సంగీతం పి. లీల గారు, డాన్సులు రాజసులోచన గారు, అందరూ ఆడవాళ్లే కలిసి తీశారు. అప్పటికి ఆమె సినిమాల్లోకి వచ్చి పదిహేడు పద్దెనిమిదేళ్లు దాటింది, దేవదాసు వచ్చి పదిహేనేళ్లు. హీరోయిన్ వేషాలు అప్పటికే తగ్గుతున్నాయి. అంటే డైరెక్షన్ వల్ల వేషాలు పోలేదు, వేషాలు తగ్గుతున్నప్పుడు ఆమె ఇంకో పని వెతుక్కుంది. మన ఇళ్లల్లో ఎవరైనా ముప్పై ఐదేళ్లకు కొత్త పని నేర్చుకుంటే మెచ్చుకుంటాం కదా.

ఇక సొంత డబ్బు పెట్టకుండా కుర్చీ ఎవరిస్తారన్న ప్రశ్న. మంచి ప్రశ్న, రాత్రంతా దీని మీదే ఆలోచించాను. జవాబు 1969లోనే ఉంది. మాతృదేవతకి ఆమె డైరెక్టర్, హీరో ఎన్టీఆర్, నిర్మాత మాత్రం ఆమె కాదు. ఎన్టీఆర్ డేట్లు ఉన్న సినిమాని బయటి నిర్మాత తన డబ్బుతో ఆమె చేతిలో పెట్టాడు. అంటే డైరెక్టర్‌గా ఆమెను నమ్మినవాళ్లు ఉన్నారు. ఆ దారిలోనే ఇంకో నాలుగు సినిమాలు చేసి ఉంటే అని నాకు కడుపులో మెలిపెట్టినట్టుంటుంది.

మొగల్రాజపురం:

మాతృదేవత సంగతి నాకు తట్టలేదు, అక్కడ నువ్వు గెలిచావు తమ్ముడూ. కానీ నాగయ్య గారి విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. ఆయన తీసిన తీరే వేరు, మనసుకు నచ్చేదాకా షూటింగ్ ఆపేవారు కాదు. అక్కడ డైరెక్టర్ కోరిందానికల్లా నిర్మాత తలూపాడు, ఎందుకంటే ఇద్దరూ ఒకరే. నటుడు డైరెక్టర్ అవడం తప్పు కాదనుకుందాం, డైరెక్టరే నిర్మాత అవడం ప్రమాదం, ఇంతవరకు ఒప్పుకుంటాను. ఒక్కటి అడుగు మీ తాతయ్యని. సావిత్రి డైరెక్షన్ అంటే గాంధీనగర్‌లో నిజంగా అడ్వాన్సు ఇచ్చేవాళ్లా, లేక మొహమాటానికా?

కృష్ణలంక కుర్రోడు:

పొద్దున్నే అడిగాను అన్నయ్యా. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, చెవి సరిగా వినపడదు, ప్రశ్న మూడుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. చిన్నారి పాపలు బాక్సు పట్టుకుని గుంటూరు వైపు ఒక ఊరికి వెళ్లాడట. మూడో రోజు మ్యాట్నీకి నేల టికెట్టు నిండా ఆడవాళ్లు, చంకన పిల్లలు, కుర్చీలు మాత్రం సగం ఖాళీ. నేల నిండితే డబ్బు రాదు, కుర్చీ నిండితేనే వస్తుంది. డీసీఆర్ తెచ్చి ఇస్తే డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు ఓనరు కళ్లజోడు సర్దుకుని చూసి, నష్టమే అని రాసుకుని, "ఆవిడ ఇంకోటి చేస్తే చెప్పమని మద్రాసుకి ఉత్తరం రాయి" అన్నాడట. ఆ ఉత్తరం రాసింది తాతయ్యే. జవాబు వచ్చిందా అని అడిగితే గుర్తులేదన్నాడు.