మెదడును ఒక అవయవంగా కాపాడుకోవడానికి రోజూ ఏం చేయాలి?

ప్రశ్న: పల్నాటి పాఠకుడు

నాకు యాభై రెండేళ్ళు. మా నాన్నగారు చివరి రోజుల్లో డిమెన్షియాతో, అంటే మతి క్రమంగా క్షీణించే జబ్బుతో, బాధపడ్డారు కాబట్టి ఈ విషయం కొంతకాలంగా నా మనసును వదలడం లేదు. ఎవరిని అడిగినా సుడోకు ఆడమనో, నానబెట్టిన బాదంపప్పు తినమనో, సరస్వతీ లేహ్యం వాడమనో చెబుతున్నారు. వాటిని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు గాని, నా సందేహం వేరు. మెదడూ రక్తమాంసాలున్న అవయవమే అయినప్పుడు, గుండెకు చెప్పినట్టే దానికీ, కణజాలం, రక్తనాళాలు దెబ్బతినకుండా దినచర్యలో పాటించవలసినవి ఏమైనా ఉన్నాయా? నాకు రక్తపోటు కాస్త ఎక్కువగా ఉందన్నారు, మందులు ఇంకా మొదలుపెట్టలేదు. మా అమ్మగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు, మధుమేహం ఉంది, వినికిడి బాగా తగ్గింది.

సమాధానం: కృష్ణాతీరం

మీ విషయంలో ముందు చూడవలసింది రక్తపోటు, తక్కినవన్నీ దాని తరువాతే. శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. లోతట్టు భాగాలకు ఆ సరఫరా అతి సన్నని ధమనుల ద్వారా చేరుతుంది; ఏళ్ళ తరబడి రక్తపోటు ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమై, లోపలి దారి ఇరుకై, ఏ లక్షణమూ బయటపడకుండానే చిన్న చిన్న భాగాలు చచ్చుబడిపోతాయి. పక్షవాతం వస్తే ఇల్లంతా తెలుస్తుంది గాని, ఈ నష్టం స్కానింగ్‌లో తప్ప కనిపించదు.

అమెరికాలో జరిగిన స్ప్రింట్ అనే చికిత్సా ప్రయోగంలో రక్తపోటు పై అంకెను 140 లోపు ఉంచే చికిత్సను, 120 లోపు ఉంచే చికిత్సను పోల్చి చూశారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండో వర్గంలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి స్వల్పంగా మందగించడమనే తొలి దశ తక్కువమందిలో కనిపించింది. డిమెన్షియా కూడా కొంత తగ్గినట్టే ఉన్నా, ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. అయితే మీకు ఏ అంకె తగినదో మీ వైద్యుడే నిర్ణయించాలి.

ఇంట్లో బీపీ యంత్రం ఉంచుకోండి. కాఫీ తాగీ తాగగానే, మెట్లెక్కి వచ్చీ రాగానే చూసుకుంటే వచ్చే అంకెకు విలువ లేదు. వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, ఐదు నిమిషాలు మాటామంతీ లేకుండా కూర్చున్న తరువాత, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చేతిని బల్లమీద ఉంచి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రాసిపెట్టుకోండి.

ఉప్పు రోజుకు 5 గ్రాములకు, అంటే సుమారు ఒక టీస్పూనుకు, లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్ళలో కూరలో చిటికెడు తగ్గించి తృప్తిపడతాం గాని, మొదటి ముద్దలో ఆవకాయ, పప్పులోకి అప్పడమో ఊరమిరపకాయో, చివర మజ్జిగ అన్నంలో మళ్ళీ నిమ్మకాయ ముక్క, వీటి లెక్క ఎవరు వేస్తారు?

సమాధానం: శ్రవణ నిపుణురాలు

వినికిడి పరీక్షలు చేయడం నా వృత్తి కాబట్టి మీ అమ్మగారి సంగతి చెబుతాను. లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటుచేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదిక, మనం మార్చుకోగల 14 కారణాలను సరిచేస్తే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియాను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యం కావచ్చని అంచనా వేసింది. ఆ జాబితాలో వినికిడి లోపం ముందు వరుసలోనే ఉంది. సరిచేయించుకోని చూపు లోపం కొత్తగా చేరింది.

వినికిడి యంత్రం పెడితే మెదడు చురుకెక్కుతుందని ప్రకటనలు అంటున్నంత సులువు కాదు. 2023లో ఫలితాలు వెలువడిన అచీవ్ అనే ప్రయోగంలో 70 నుంచి 84 ఏళ్ళవారిలో యంత్రం ఇచ్చినవారినీ, ఇవ్వనివారినీ మూడేళ్ళు గమనిస్తే మొత్తంమీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే అందులోనే వయసు, మధుమేహం, రక్తపోటు వంటి ప్రమాదకారణాలు ఎక్కువగా ఉన్న వర్గంలో ఆలోచనాశక్తి క్షీణించే వేగం 48 శాతం తగ్గింది. మీ అమ్మగారు ఈ వర్గానికే దగ్గరగా ఉన్నారు.

ముందు చెవిలో గులిమి గట్టిపడిందేమో చూపించి, ఆ తరువాతే యంత్రం మాట ఎత్తండి. పెట్టుకున్న తొలి వారాల్లో గిన్నెల చప్పుడు, కుక్కర్ కూత, ఫ్యాను హోరు భరించలేనంతగా వినిపిస్తాయి. చాలా యంత్రాలు బీరువాలోకి చేరేది అప్పుడే. మళ్ళీ తీసుకువెళ్ళి శబ్దస్థాయి సరిచేయించాలి.

సమాధానం: ఓరుగల్లు వాసి

హెల్మెట్ గురించి ఎవరూ రాయలేదేమి? తలకు తగిలే గట్టి దెబ్బ కూడా ఆ 14 కారణాల్లో ఒకటి. మనవాళ్ళు దాన్ని బండి అద్దానికి తగిలించి, పోలీసులుండే కూడలి రాగానే తలకెక్కిస్తారు, గడ్డం కింద పట్టీ మాత్రం పెట్టుకోరు. పట్టీ లేని హెల్మెట్ పడేటప్పుడు తలకన్నా ముందే ఎగిరిపోతుంది.

నడక సంగతికి వస్తే, 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిచిన వృద్ధుల్లో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలకే పరిమితమైనవారిలో అది తగ్గింది. చిన్న అధ్యయనమే గాని, ఖర్చులేని పని.

నిద్రలో మెదడు వ్యర్థాలను కడిగేసుకుంటుందన్న మాట ఎక్కువగా ఎలుకలపై జరిగిన పరిశోధనల నుంచి వచ్చింది, దానిపై వాదోపవాదాలు ఇంకా సాగుతున్నాయి. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగే మనిషిని మాత్రం వైద్యుడికి తప్పక చూపించాలి, ఎందుకంటే అది రక్తపోటునూ పెంచుతుంది.

మరొకటి మన హైదరాబాద్‌ది. నిమ్స్ ఆసుపత్రిలో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది.

పల్నాటి పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఈ వయసులో హిందీ నేర్పించడం వల్ల ఉపయోగం ఉంటుందా? ఆమె చాలా ఏళ్ళుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు, పూర్తి శాకాహారి.

కృష్ణాతీరం

ఆ అధ్యయనం జీవితమంతా రెండు భాషల్లో మసలినవారి గురించినది, అదీ గమనించి చెప్పినదే తప్ప నేర్పించి చూసినది కాదు. ఆమెకు ఇష్టమైతే నేర్పించండి. దానికన్నా ముందు బి12 విటమిన్ పరీక్ష చేయించండి. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే బి12 తగ్గవచ్చు, శాకాహారుల్లో అది మొదటే తక్కువగా ఉంటుంది. ఆ లోపం వల్ల వచ్చే మతిమరుపును, కాళ్ళ తిమ్మిర్లను వయసు మీద వేసి ఊరుకోవడం మామూలే. తొందరగా గుర్తిస్తే చాలావరకు సరిదిద్దవచ్చు. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి.