పాత రోటావేటర్ కొనాలా, కల్టివేటర్‌తో సరిపెట్టుకోవాలా?

పొదలకూరు నిమ్మతోట:
మూడెకరాల నిమ్మ, ఎకరం మాగాణి. ట్రాక్టరు 39 హెచ్‌పీ. కోవూరు వైపు ఐదడుగుల పాత రోటావేటర్ (తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసేది) ఒకటి అమ్మకానికి ఉంది, కొత్తగా రంగేశారు. తీసుకోవచ్చా? లేక పాత 9 కర్రుల కల్టివేటర్ చాలా?

కందుకూరు మెట్ట:
రోటావేటర్ వద్దన్నా. నిమ్మకు పీచువేర్లు పైపైనే ఉంటాయి, కొమ్మల కిందికి నడిపితే తెగుతాయి. తోటలో తుంగ ఉందంటే ఇంకా చెరుపు. కత్తులు గడ్డల్ని విడగొట్టి చేనంతా చల్లుతాయి, అంటే మనమే నాటుకున్నట్టు. కల్టివేటర్ వాటిని పైకి లాగి ఎండకేస్తుంది. ఎకరం మాగాణిలో దమ్ముకి, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నడానికి, బాడుగ బండి చాలు.

కోవూరు వర్క్‌షాప్:
తోట వరకూ అన్న మాట నిజం. కానీ కాలవకి నీళ్లొదిలాక బాడుగ బండి అందరికీ ఒకేసారి కావాలి, అప్పుడు చూడండి తిప్పలు. చూసి కొంటే పాతదైనా పర్లేదు.

రంగును నమ్మొద్దు. ట్రాక్టరుకు తగిలించే చెవుల దగ్గర రంపం బ్లేడుతో గీకండి, చీలిక మీద వెల్డింగ్ వేసుంటే బయటపడుతుంది. రాత్రంతా కదలకుండా ఉన్న రోటావేటర్‌కి గేర్‌బాక్స్ కింది బోల్టు కొంచెం వదులు చేయండి. నీళ్లు చేరుంటే ముందు అవే కారతాయి. పైన పుల్ల ముంచితే ఆయిల్ పాల టీ రంగులో ఉన్నా అదే జబ్బు. దమ్ములో తిరిగిన బండికి రోటర్ (కత్తులు బిగించిన పైపు) చివర గడ్డి చుట్టుకుని ఆయిల్ సీలును కోసేస్తుంది, ఆ సందులోంచి బురద బేరింగ్‌లోకి పోతుంది. బండి లేపి కింద దిమ్మలు పెట్టి, గడ్డపారతో రోటర్‌ను పైకెత్తి చూడండి. కదిలితే బేరింగ్ పోయినట్టే. పక్కన పుల్ల ఆనించి చేత్తో రోటర్ తిప్పితే పైపు వంకర కూడా తెలుస్తుంది.

కందుకూరు మెట్ట:
రోటర్‌ను తిప్పేది చైనా, గేర్లా? చైనైతే సైడు మూత తీయించన్నా. చైన్ బిగించే టెన్షనర్ చివరిదాకా బిగించేసుంటే చైన్ సాగినట్టు, స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగుంటే రెండూ మార్చాల్సిందే. కత్తుల సంగతి? ఐదడుగుల దానికి మామూలుగా 36, ఒక్కోదానికి రెండు బోల్టులు. 72 బోల్టుల ఖర్చు బేరంలో ఎవరూ తియ్యరు!

కోవూరు వర్క్‌షాప్:
తియ్యాలి మరి. వెడల్పు సగానికి అరిగిన కత్తులన్నీ లెక్కబెట్టి ధరలో తగ్గించమనాలి. పీటీవో షాఫ్టు (ట్రాక్టరు ఇంజిన్ తిప్పుడును రోటావేటర్‌కి అందించే కడ్డీ) రెండు చివర్ల యోకులు, అంటే కవల కొమ్ముల్లాంటి కీళ్లు, ఒకే వరసలో ఉన్నాయా చూడండి, తప్పితే బండి వణికి ఆ కీళ్ల మధ్య క్రాసులు విరుగుతాయి. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేకపోతే కొత్తది వేయించండి, పంచె కట్టుకుని దాని దగ్గరికి పోకండి.

పొదలకూరు నిమ్మతోట:
కల్టివేటర్‌లో ఏం చూడాలి?

కందుకూరు మెట్ట:
టేపుతో ఫ్రేము మూలకి మూల రెండు వైపులా కొలువు, తేడా వస్తే వంగిందనే. స్ప్రింగులు తొమ్మిదీ ఒకే బిగువులో ఉండాలి. కర్రులు రెండు మొనలవైతే ఒకవైపు అరిగాక తిప్పి బిగించుకోవచ్చు. తోటకి నాలుగంగుళాల లోతు దాటనీకు.

కోవూరు వర్క్‌షాప్:
రోటావేటర్ బేరానికి పోతే ట్రాక్టరు తోలుకుని పోండి. పీటీవోను నిమిషానికి 540 చుట్ల వేగంలో పది నిమిషాలు తిప్పి ఆపాక గేర్‌బాక్స్ మీద చెయ్యి ఆన్చండి. చెయ్యి కాలితే, లేదా తిరిగేటప్పుడు ఊళపెట్టిందంటే, వెనక్కి వచ్చేయండి.