మెయింటెనెన్స్ రిపోర్టులు చూసి విమాన ప్రమాదాలు పెరుగుతాయో లేదో ముందే చెప్పొచ్చా?

రెక్కలెక్క:
అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గరున్న సర్వీస్ డిఫికల్టీ రిపోర్టులు డౌన్‌లోడ్ చేశాను, అంటే విమానాల్లో దొరికిన పగుళ్లు, తుప్పు, గాల్లో ఇంజిన్ ఆగిపోవడం లాంటివి ఆపరేటర్లు పంపేవి. నెలవారీగా లెక్కేసి అక్కడ ప్రమాదాల్ని దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ ప్రమాదాల జాబితా పక్కన పెడితే రెండు గ్రాఫులకీ పొంతనే లేదు. మోడల్ మార్చాలా, అసలు డేటానే పనికిరాదా?

హ్యాంగర్ పిల్లి:
వెతికితేనే రిపోర్టులు పుడతాయి బ్రదర్. పెద్ద చెక్‌కి, అంటే పూర్తి తనిఖీకి, వచ్చిన విమానం ప్యానెళ్లన్నీ విప్పితే ఏళ్ల తరబడి పట్టిన తుప్పంతా ఒకే వారంలో కాగితం మీదకొస్తుంది. ఫలానా చోట చూడమని ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్ (భద్రత కోసం ఇచ్చే తప్పనిసరి ఆదేశం) వస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆ నెల గ్రాఫ్ లేచిందంటే ప్రమాదం దగ్గరపడిందని కాదు, జనం సరిగ్గా చూస్తున్నారని.

సగటు మనిషి:
ముందు రిపోర్టుల సంఖ్యని దేనితో భాగిస్తున్నావో చెప్పు. ఇంజిన్‌కైతే గంటలు సరే, బాడీకీ ల్యాండింగ్ గేర్‌కీ సైకిళ్లు (ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపి ఒక సైకిల్) కావాలి. 1988లో పైకప్పు ఊడిపోయిన అలోహా 243 విమానం ఎగిరింది సుమారు 35,500 గంటలే, సైకిళ్లు మాత్రం 89,680, ఎందుకంటే అన్నీ దీవుల మధ్య చిన్న ట్రిప్పులు. ఇంకోటి, అన్ని రిపోర్టులూ ఒకే కుప్ప పోయకు, క్యాబిన్ లైటు వెలగకపోవడమూ రెక్క ఫ్లాప్ పగులూ ఒకటేనా? ఏటీఏ చాప్టర్ల వారీగా, అంటే విమానంలోని ఒక్కో వ్యవస్థకిచ్చిన నంబర్ల వారీగా, విడగొట్టు: 27 ఫ్లైట్ కంట్రోల్స్, 32 ల్యాండింగ్ గేర్, 53 ఫ్యూజలాజ్ (బాడీ). ప్రమాదాలు మరీ అరుదు, పైగా వాటిలో చాలావాటికి మెయింటెనెన్స్‌తో సంబంధమే ఉండదు, కాబట్టి దారిలో వెనక్కి తిరగడం, గాల్లో ఇంజిన్ ఆపడం లాంటివాటిని అంచనా వెయ్యి. దానికి నెగెటివ్ బైనామియల్ (బాగా హెచ్చుతగ్గులుండే లెక్కింపులకి వాడే గణాంక మోడల్) సరిపోతుంది.

పాత స్పానర్:
రిపోర్టు కానిదాని సంగతేంటి మరి? 2000 జనవరిలో 88 మంది పోయిన అలాస్కా 261 గుర్తుందా, తోక రెక్కని కదిపే పొడవాటి మర, జాక్‌స్క్రూ, దాని నట్టు మరలు అరిగిపోయాయి. 1997లో కొలిస్తే అరుగుదల సరిగ్గా హద్దు మీద, 0.040 అంగుళం. తర్వాతి షిఫ్టు వాళ్లు మళ్లీ కొలిస్తే 0.033 వచ్చింది, మార్చకుండానే వదిలేశారు. ఇలాంటిది ఏ మోడల్‌కి దొరుకుతుంది?

రెక్కలెక్క:
సరే, 32 ఒక్కటే తీసుకుని సైకిళ్లతో భాగిస్తా. చెక్‌లో బయటపడ్డవాటిని వేరు చేసేదెలా?

హ్యాంగర్ పిల్లి:
సమస్య ఏ దశలో కనబడిందో రాసే గడి ఒకటుంటుంది, టేకాఫ్, క్లైంబ్, ఇన్‌స్పెక్షన్ అని. ఇన్‌స్పెక్షన్‌వి పక్కన పెట్టి, ఎగిరేటప్పుడు వచ్చినవే ముందు చూడు.