నాన్న లెక్కలు తడబడుతున్నాయి, బీపీ వల్లా వయసు వల్లా?

మాది పర్లాకిమిడి. నాన్నకి డెబ్బై దాటాయి. కిరాణా కొట్టులో లెక్కంతా నోటితోనే తేల్చేసే మనిషి, ఈమధ్య నాలుగు సామాన్లు కూడడానికి మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి వేస్తున్నారు. ఎవరు ఎంత బాకీ అన్నది మాత్రం ఇప్పటికీ కంఠతా. నడక కూడా మారింది, కాళ్లు ఈడుస్తూ చిన్న చిన్న అడుగులు. ఎమ్మారైలో మెదడు లోపలి సన్న రక్తనాళాలు దెబ్బతిన్నాయని వచ్చింది, పక్షవాతం ఎప్పుడూ రాలేదు. బీపీ చాలా ఏళ్లుగా ఉంది, మాత్ర తల తిరిగిన రోజే వేసుకుంటారు. అమ్మేమో వయసన్నాక మామూలే అంటోంది.

రాయగడ, మందుల షాపు:
తమ్ముడూ, వయసుతో కొంత వస్తుంది గానీ బీపీ దాన్ని తొందరపెడుతుంది. మెదడు బరువు ఒంట్లో రెండు శాతమే, వాడే ఆక్సిజన్ దాదాపు 20 శాతం, అందుకే రక్తం కాస్త తగ్గినా దానికి తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే లోపలి సన్న నాళాల గోడలు మందమెక్కి దారి ఇరుకవుతుంది, మెదడు ముందుభాగాన్ని మిగతావాటితో కలిపే నరాల పోగులకు రక్తం చాలదు. చురుగ్గా ఆలోచించడం, లెక్క, నడక ముందు దెబ్బతినేది అందుకే. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో సాధారణంగా నిన్నటి మాటలు ముందు పోతాయి. రెండూ కలిసి ఉండేవాళ్లూ బోలెడు మంది, అది న్యూరాలజిస్టే తేల్చాలి. ఇక తల తిరిగితేనే మాత్ర అనే అలవాటుందే, మా షాపుకొచ్చే సగం మందిదీ అదే కథ, చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

బరంపురం నుంచి:
2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ అనే అమెరికా పరిశోధనలో పై బీపీని 120 లోపు ఉంచాలని చూసినవాళ్లకి, 140 లోపు చాలనుకున్నవాళ్లకంటే తొలిదశ మతిమరుపు 19 శాతం తక్కువగా వచ్చింది. పూర్తి డిమెన్షియా (రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా మతి తగ్గడం) విషయంలో తేడా గట్టిగా తేలలేదు. షుగర్ ఉన్నవాళ్లని, పక్షవాతం వచ్చినవాళ్లని అందులో తీసుకోలేదు కూడా. కాబట్టి 120 అని మీరే మాత్రలు పెంచేయకండి, పెద్దవాళ్లకి లేచి నిలబడగానే బీపీ పడిపోయి తూలిపడితే తుంటి విరుగుతుంది.

ఇచ్ఛాపురం కోడలు:
పొగాకు సంగతి ఎవరూ అడగలేదేం? మా అత్తగారు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం, మామగారు పొద్దున్న లేస్తే గుడాకు, అదే పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద. చుట్ట నాళాల్ని పాడుచేస్తుంది, గుడాకులోనూ నికోటినే, రుద్దిన కాసేపటికే బీపీ ఎగబాకుతుంది. ఎండు చేపలు, ఆవకాయ, అప్పడాలు కూడా ఒకసారి చూసుకోండి, ఉప్పంతా అక్కడే ఉంది.

అడిగినవారు:
గుడాకు ఉందండీ, రోజుకి మూడుసార్లు. షుగర్ ఎప్పుడూ చూపించలేదు. ఇప్పుడు మాత్ర సరిగ్గా వేసుకుంటే పోయింది తిరిగొస్తుందా?

రాయగడ, మందుల షాపు:
స్కాన్‌లో పడిన మచ్చలు పోవు, కొత్తవి రావడాన్ని నెమ్మదింపజేయొచ్చు. షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు బీ12, థైరాయిడ్ కూడా చేయించు, ఆ రెండూ తేడాగా ఉన్నా బుర్ర మందగిస్తుంది, వాటికి మందుంది. డాక్టరు దగ్గర బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమను.