అప్‌డేట్: పాత డీజిల్ జీపుకి 90 ఆంప్స్ ఆల్టర్నేటర్ బిగించాను

అడిగింది ఇదీ: వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), అదనపు లైట్లు పెట్టాక 35 ఆంప్స్ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) చాలడం లేదు, 90ది పెట్టొచ్చా అని. పెట్టొచ్చు. కానీ కొనేముందు ఆల్టర్నేటర్ వెనక వ్యాక్యూమ్ పంపు ఉందో లేదో చూడండి. మన డీజిల్ జీపుల్లో చాలావాటికి బ్రేక్ బూస్టర్‌కి (పెడల్ తేలిగ్గా నొక్కేలా సాయం చేసేది) వ్యాక్యూమ్ వచ్చేది అక్కడి నుంచే. అది లేని ఆల్టర్నేటర్ పెడితే బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. పంపు ఆయిల్ పైపు, రిటర్న్ హోస్ కూడా కొత్తవే వేయండి.

పాత చార్జింగ్ వైరు డ్యాష్‌లోని ఆంపియర్ మీటర్ గుండా వెళ్తుంటే ఆ దారి వాడకండి. అంత కరెంటుకి ఆ మీటర్ స్టడ్‌లు కాలిపోతాయి. బీ ప్లస్ (ఆల్టర్నేటర్ నుంచి కరెంటు బయటికొచ్చే టెర్మినల్) నుంచి నేరుగా బ్యాటరీకి 25 చదరపు మి.మీ. రాగి కేబుల్, బ్యాటరీకి జానెడు దూరంలోపే 125 ఆంప్స్ ఫ్యూజు. ఇంజిన్ బ్లాక్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి అదే మందం ఎర్త్; చాలామంది మర్చిపోయేది ఇదే. చార్జింగ్ ల్యాంపుకి ఎల్‌ఈడీ వద్దు, మామూలు బల్బే ఉంచండి, లేకపోతే ఎక్సైటేషన్ (ఆల్టర్నేటర్ చార్జింగ్ మొదలుపెట్టడానికి కావాల్సిన చిన్న కరెంటు) సరిగా అందదు.

లైట్లన్నీ వేసి 1500 ఆర్‌పీఎమ్‌లో బీ ప్లస్‌కీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య వోల్ట్ మీటర్ పెట్టండి. 0.3 వోల్టులు దాటితే క్రింపింగ్ (కేబుల్ చివర లగ్గులు నొక్కి బిగించిన చోటు) చూడాలి. లోడ్ పడగానే బెల్టు కీచుమంటే ముందు పుల్లీల వరస చూడండి, ఊరికే బిగిస్తే బేరింగ్ పోతుంది.

వించ్ గట్టిగా లాగేటప్పుడు మాత్రం 300 ఆంప్స్ పైనే తీసుకుంటుంది. అది బ్యాటరీ పనే.