గ్రేడ్ 2 అన్న స్కానింగ్, 9.4 అన్న ఫైబ్రోస్కాన్: రెండూ ఒకటేనా?

తణుకు అమ్మాయి:
మా ఆయనకి 46 ఏళ్లు. షుగర్ ఉంది, మందు అలవాటు లేదు. పొట్ట స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వస్తే డాక్టర్ గారు ఫైబ్రోస్కాన్ రాశారు. అందులో 9.4 కేపీఏ, క్యాప్ 302. ఫోన్లో వెతికితే సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి బాగా దెబ్బతినడం) దాకా తీసుకెళ్లింది. అపాయింట్‌మెంట్ వచ్చే వారం. ఒకటే టెన్షన్‌గా ఉంది.

స్కాన్ రూమ్ మనిషి:
నేను డాక్టర్‌ని కాదండీ, ఫైబ్రోస్కాన్ తీసే టెక్నీషియన్‌ని. రెండూ వేరు. మామూలు స్కానింగ్‌లో కాలేయం పక్కనున్న కిడ్నీ కంటే ఎంత తెల్లగా కనిపిస్తోందో చూసి గ్రేడ్ వేస్తారు. అది కొవ్వు సంగతి. గ్రేడ్ 2 అంటే రెండో స్టేజీ అనుకుని బెంబేలెత్తేవాళ్లు రోజూ వస్తారు. ఫైబ్రోస్కాన్‌లో క్యాప్ కొవ్వుకి, కేపీఏ గట్టిదనానికి. పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనించి చిన్నగా తడతాం. ఆ అల ఎంత వేగంగా పాకితే కాలేయం అంత గట్టిగా ఉన్నట్టు.
ముందు ఏమైనా తిన్నారా? రిపోర్టులో ఐక్యూఆర్ బై మీడియన్ ఎంతుంది? నేనైతే ముందు చూసేది అదే.

తణుకు అమ్మాయి:
34 శాతం. క్యూ ఎక్కువుందని మధ్యలో వెళ్లి నాలుగు ఇడ్లీలు తినొచ్చారు. ఎవరూ వద్దనలేదు.

స్కాన్ రూమ్ మనిషి:
చెప్పాల్సింది వాళ్లే. తిన్నాక కాలేయానికి రక్తం ఎక్కువ పోయి నంబరు పెరుగుతుంది. కనీసం 3 గంటలు ఖాళీ కడుపుతో ఉండాలి. పైగా 10 కొలతలు తీసి మధ్య విలువ ఇస్తాం. అవి ఎంత చెదిరాయో చెప్పేదే ఆ శాతం. 9.4 లాంటి నంబరు వచ్చినప్పుడు ఆ శాతం 30 దాటితే నేను రిపోర్టు ఇవ్వను, మళ్లీ తీస్తాను. మనిషి లావైతే ఎక్స్ఎల్ ప్రోబ్ పెట్టారా అనీ అడగండి.

పీజీ డాక్టర్:
రక్త పరీక్షలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ (కాలేయ ఎంజైములు), ప్లేట్‌లెట్లు ఎంత?

తణుకు అమ్మాయి:
38, 64, 2.4 లక్షలు.

పీజీ డాక్టర్:
వయసుతో కలిపి లెక్కేస్తే ఫిబ్-4 స్కోరు 0.91. 1.3 లోపుంటే ముదిరిన ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చలు) ఉండే అవకాశం తక్కువ. షుగర్ ఉంది కాబట్టి దీన్నే నమ్ముకుని ఊరుకోవద్దు, ఫైబ్రోస్కాన్ మళ్లీ తీయించండి. 8 కేపీఏ లోపు వస్తే చాలావరకు నిశ్చింత. అప్పుడూ ఎక్కువే వస్తే ఎమ్మార్ ఎలాస్టోగ్రఫీ (ఎమ్మారై మెషీన్‌తో కాలేయం గట్టిదనం కొలిచే పరీక్ష) గురించి మీ డాక్టర్‌తో మాట్లాడొచ్చు.

తణుకు అమ్మాయి:
శనివారం వెళ్తాం. పొద్దున షుగర్ మాత్ర వేసుకోవచ్చా?

స్కాన్ రూమ్ మనిషి:
మొదటి స్లాట్ అడగండి, టిఫిన్ డబ్బా వెంట పెట్టుకోండి. మాత్ర సంగతి మాత్రం అది రాసిన డాక్టర్‌కే ఫోన్ చేయండమ్మా.